ఈ పేజీని ఎవరూ చూడరాదు

"ఈ నెలాఖరుకల్లా కృష్ణా జిల్లాలో సైబర్ వేధింపులన్నవి ఉండవు. ఉంటే నా పేరు కాశీరావే కాదు!"

2007 ఆగస్టు మొదటి వారంలో యూనివర్సిటీ ఆడిటోరియంలో కాశీరావుగారు ఈ ప్రకటన చేసినప్పుడు చప్పట్లు ఓ పట్టాన ఆగలేదు. సభ అయ్యాక ఆయన నన్ను పక్కకు పిలిచి, "సైబర్ అంటే మన నెట్టేగా?" అని మెల్లగా అడిగారు. అవునన్నాను. తాను మాట్లాడిన విషయమేమిటో తర్వాతైనా తెలుసుకోవాలన్న ఆయన శ్రద్ధకు ముగ్ధుణ్ణయ్యాను.

నా పేరు రహ్మాన్. విజయవాడలో యూనివర్సిటీ గేటుకి ఎదురుగా ఎనిమిది కంప్యూటర్ల నెట్ సెంటర్ నాది. కాశీరావుగారికి ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్డుంది, పార్టీలో నగర ఉపాధ్యక్ష పదవుంది. కొత్తగా యూనివర్సిటీ వారి సైబర్ వేధింపుల నివారణ కమిటీకి చైర్మన్ కూడా అయ్యారు. కమిటీకి గది ఇచ్చారు, బల్ల ఇచ్చారు, ఫ్యాను ఇచ్చారు, నెట్ మాత్రం ఇవ్వలేదు. అందుకని మర్నాడు పొద్దున్నే నా సెంటర్ గుమ్మం మీద కమిటీ బోర్డు వేలాడుతోంది. నన్నెవరూ అడగలేదు. గౌరవం చేసేటప్పుడు అడిగి చేస్తారా?

బోర్డు తగిలించిన గంటకే మొదటి ఫిర్యాదు వచ్చింది. పద్మశ్రీ అని ఎంసీఏ ఆఖరి సంవత్సరం పిల్ల. నాగాయలంక అవతల సముద్రం ఒడ్డు ఊరు. తల్లి రత్తమ్మ చేపలమ్ముతుంది. స్నేహితులు కబుర్లాడుకునే ఓ సైటులో ఎవరో ఈ అమ్మాయి ఫొటో పెట్టి, 'పద్మశ్రీ బాధితుల సంఘం' అని ఒక పేజీ తెరిచారు. క్లాసులోకి వస్తే కిటికీలు తీయాలని, పక్కన కూర్చోవాలంటే ముక్కుకి క్లిప్పు పెట్టుకోవాలని, హాల్ టికెట్‌తో పాటు అగరొత్తుల కట్ట కూడా ఇవ్వాలని అందులో రెండు వందల పన్నెండు రాతలున్నాయి. సభ్యులు నలభై ముగ్గురు.

"ఇరవయ్యో తారీఖున క్యాంపస్ ఇంటర్వ్యూ సార్," అంది పద్మశ్రీ. "కంపెనీ వాళ్లు మా పేర్లు నెట్‌లో కొట్టి చూస్తారంట. నా పేరు కొడితే ముందు ఇదే వస్తోంది. ఆలోపు తీయించండి సార్. ఇంకేం వద్దు."

"తీయిద్దాం," అన్నారు కాశీరావుగారు. "కానీ ఫిర్యాదు పద్ధతిగా రావాలమ్మా. ఆ రెండు వందల పన్నెండూ ప్రింటు తీయించు. మూడు సెట్లు. ప్రతి కాగితం మీదా గెజిటెడ్ ఆఫీసరు సంతకం ఉండాలి."

"అవి నన్ను తిట్టినవి సార్!"

"అందుకేనమ్మా. రేపు ఎవడైనా అవి అసలు తిట్లే కావంటే మనమేం చూపిస్తాం?"

మాకు దగ్గర్లో ఉన్న గెజిటెడ్ ఆఫీసరు పశువుల డాక్టరుగారు. కాగితాల కట్ట మోయడానికి నేనూ వెళ్లాను. ఆయన చదవకుండా సంతకం పెట్టే రకం కాదు. ఒక్కొక్కటే చదివారు. అగరొత్తుల దగ్గర కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకున్నారు. బాగా పేలినవాటిని కాంపౌండరుకి పైకి చదివి వినిపించి, ఆ తర్వాత ఆకుపచ్చ సిరాతో సంతకం గీశారు. కట్టుకట్టిన కాలుతో ఉన్న గేదె పక్కన నిలబడి పద్మశ్రీ అవన్నీ ఇంకోసారి వింది. ఆ పిల్ల తలెత్తలేదు. కాగితాలు మాత్రం పక్కాగా తయారయ్యాయి.

నిజానికి ఆ పేజీ తెరిచినవాడెవరో నాకు తెలుసు. ఏడో నెంబరు సిస్టం దగ్గర రోజూ కూర్చునే మణికుమార్. ఎంబీఏ చదువుతున్నాడు, పార్టీ విద్యార్థి విభాగానికి సంయుక్త కార్యదర్శి. రాసి, రాసింది చదువుకుని, తనే నవ్వుకుంటాడు. టీ ఇవ్వడానికి వెళ్లినప్పుడు నా కళ్లతో చూశాను. ధైర్యం చేసి ఆ మాట చైర్మన్‌గారి చెవిన వేశాను.

"మణికుమారా? మనవాడేనయ్యా, మహా చురుకు," అన్నారాయన. "నిన్ననే కమిటీలో టెక్నికల్ మెంబరుగా వేశాను. ఈ కేసు దర్యాప్తు కూడా అతనికే ఇచ్చా."

దొంగని వెతకడానికి దొంగ ఇల్లు తెలిసినవాణ్ణే పెట్టారు. ఇంతటి ముందుచూపు నాకు లేదు. గుమ్మం మీద వాళ్ల బోర్డుందని గుర్తొచ్చి నోరు మూసుకున్నాను. అది పిరికితనమే, దాచుకోను.

దర్యాప్తు తొలి ఫలితం బెంజి సర్కిల్లో నలభై అడుగుల ఫ్లెక్సీగా లేచింది. నల్లకళ్లద్దాలతో, చెవి దగ్గర సెల్‌ఫోనుతో కాశీరావుగారు. చుట్టూ అభిమానుల పాస్‌పోర్టు ఫొటోలు ఇరవై రెండు. మూడో వరసలో మణికుమార్ దణ్ణం పెడుతూ ఉన్నాడు. కింద ఎర్రటి అక్షరాలు: 'హెచ్చరిక! ఈ పేజీని ఎవరూ చూడరాదు.' ఏ పేజీ చూడకూడదో తెలియక జనం పొరపాటున చూసేస్తారేమోనని, దాని పూర్తి అడ్రసు కూడా జానెడేసి అక్షరాలతో వేయించారు.

సాయంత్రానికి సభ్యులు పంతొమ్మిది వందలయ్యారు. వన్ టౌన్ హోల్‌సేల్ కొట్ల గుమస్తాలు ఆటోలు మాట్లాడుకుని మరీ నా సెంటర్‌కి వచ్చారు. పెళ్లాం పిల్లలతో వచ్చిన ఒకాయన, "ఏదో చూడకూడదన్నారంటగా, అది కాస్త పెట్టు భాయ్," అని కుర్చీ లాక్కున్నాడు.

పద్దెనిమిదో తారీఖున రత్తమ్మ వచ్చింది. మొదటి బస్సెక్కి, చేపల బుట్టతోనే వచ్చింది.

"బాబుగారూ, నా పిల్ల మూడు రోజుల్నించీ సరిగ్గా అన్నం తినట్లేదంట. ఒళ్లు ఎర్రగా కందిపోయేదాకా సబ్బెట్టి రుద్దుకుంటందంట. హాస్టల్ పిల్లలు ఫోన్ చేసి చెప్పారు. ఆ పేజీ సంగతి నాకు తెలవదు. ముందు ఆ సర్కిల్లో బోర్డు దింపించండి బాబూ."

కాశీరావుగారు చాలా బాధపడ్డారు. "దింపితే ఇరవై రెండు మంది మనోభావాలు దెబ్బతింటాయమ్మా. ఒక్కొక్కడు ఎంత ముచ్చటపడి ఫొటో దిగాడో నీకు తెలియదు." తర్వాత బుట్ట వైపు చూశారు. "పండుగప్పేనా?"

"అవునండి."

ఆ రోజు కమిటీ మధ్యాహ్న భోజనం పండుగప్ప పులుసు. మణికుమార్ మూడుసార్లు వడ్డించుకున్నాడు. "ఏం రుచండీ బాబూ!" అని వేళ్లు నాక్కుని, చెయ్యి కడుక్కుని, ఏడో నెంబరు దగ్గర కూర్చుని రెండు వందల పదమూడో రాత రాశాడు.

పంతొమ్మిదో తారీఖు మధ్యాహ్నం ప్రెస్ మీట్. కాశీరావుగారి కారు హారన్ వినగానే దండ పట్టుకుని మణికుమార్ పరుగెత్తాడు. 'పని అయ్యాక సైన్ అవుట్ చేయవలెను' అని గోడ మీద నేను రాయించిన నోటీసును అతను ఏనాడూ చదివినవాడు కాదు. పేజీ తెరిచే ఉంది, అతని పేరుతోనే. అప్పుడే పద్మశ్రీ ఇంటర్వ్యూకి బయోడేటా ప్రింటు తీసుకుందామని వచ్చింది. కళ్లు ఉబ్బి ఉన్నాయి.

"ఏ సిస్టం ఖాళీ భాయ్?"

మిగతా ఏడు సిస్టాలూ ఖాళీగానే ఉన్నాయి.

"ఏడో నెంబర్లో కూర్చోమ్మా," అన్నాను.

కూర్చుంది. తెర చూసింది. తలెత్తి నన్ను చూసింది. నాకు ఉన్నట్టుండి ఒకటో నెంబరు మానిటరు మీద దుమ్ము కనబడింది. గుడ్డ తీసుకుని అటు తిరిగి తుడుస్తూ నిలబడ్డాను. ఇరవై నిమిషాలు కీబోర్డు చప్పుడు ఆగలేదు. ఆ తర్వాత బయోడేటా మూడు కాపీలు తీసుకుంది, ఎవరి సంతకమూ లేకుండా. వెళ్తూ వెళ్తూ, "వస్తాను భాయ్," అంది. ఆ నెలలో ఆ పిల్ల గొంతు మామూలుగా వినడం అదే మొదలు.

ఇరవయ్యో తారీఖు పొద్దున చైర్మన్‌గారు కేసు పురోగతి చూద్దామని పేజీ తెరిపించారు. పేజీ పేరు 'కాశీరావు బాధితుల సంఘం'. ఫొటో మన ఫ్లెక్సీలోదే, నల్లకళ్లద్దాలది. పద్మశ్రీ పేరున్న రాతలన్నీ పోయాయి. పేరు లేని నూట ఎనభై మాత్రం ఎక్కడివక్కడ భద్రంగా ఉన్నాయి.

మణికుమార్ కుర్చీ మీద పడ్డాడు. నాలుగుసార్లు ఏదో కొట్టాడు. "సార్, పాస్‌వర్డ్ మార్చేశారు సార్!"

"అసలు పాస్‌వర్డ్ నీకెలా తెలుసయ్యా?"

"దర్యాప్తులో తేలింది సార్."

కాశీరావుగారు మెచ్చుకోలుగా తలూపి, "ఏం రాశారో చదువు రహ్మానూ," అన్నారు.

"చదవమంటారా సార్?"

"చదవవయ్యా."

"'క్లాసులోకి వస్తే కిటికీలు తీయండి.' 'పక్కన కూర్చోవాలంటే ముక్కుకి క్లిప్పు.' 'అగరొత్తుల కట్ట...'"

ఆయన మెడ నరాలు పొంగాయి. "పోలీస్ కమిషనర్‌కి ఫోన్ కొట్టు! కలెక్టర్‌కి కొట్టు! పరువుగల మనిషినయ్యా నేను! ఇంట్లో ఆడవాళ్లు చూస్తే ఏమైపోవాలి? ఎంతమంది చూసుంటారు ఈ దరిద్రాన్ని?"

"సభ్యులు నాలుగు వేల ఎనిమిది వందలు సార్."

ఫోను కోసం చాచిన చెయ్యి ఆగింది.

"మన కుర్రాళ్లు పెట్టిన కాశీరావు యువసేన పేజీకి ఎంతమంది?"

"పదకొండు సార్. అందులో రెండు మీ పేర్లే."

"నగర అధ్యక్షుడు పుల్లయ్యనెవరైనా తిట్టారా?"

వెతికాను. "ఒక్కరూ లేరు సార్."

కాశీరావుగారు కుర్చీలో వెనక్కి వాలారు. మొహం మెల్లమెల్లగా విచ్చుకుంది. "అంటే విజయవాడ మొత్తానికి నేనే అన్నమాట."

"ఫిర్యాదు రాయమంటారా సార్? మూడు సెట్లు, గెజిటెడ్ సంతకం..."

"తొందరేం లేదులేవయ్యా."

ఆ సాయంత్రం బెంజి సర్కిల్ ఫ్లెక్సీ మీద ఒక ముక్క అతికించారు. 'చూడరాదు' అన్నచోట 'చూడవలెను' అని వచ్చింది. అడ్రసు మార్చనక్కర్లేకపోయింది.

వారం తర్వాత రత్తమ్మ నన్ను వెతుక్కుంటూ వచ్చి, ఆకులో చుట్టిన పండుగప్ప బల్ల మీద పెట్టింది. కూతురు సెలెక్టయిందట. నెట్ పని ఏమైనా వచ్చా అని ఇంటర్వ్యూలో అడిగితే, కొద్దిగా వచ్చండీ అని చెప్పిందట. నాకెంత సంతోషమేసిందో చెప్పలేను. మా ఆవిడ జమాల్ బీ పులుసు పెట్టి సెంటర్‌కే పంపింది. గదంతా ఘుమఘుమలాడింది. ఒక్కరు కూడా కిటికీ తీయలేదు.

కమిటీ బోర్డు ఇంకా నా గుమ్మం మీదే ఉంది. మణికుమార్ ఇంకా ఏడో నెంబరు దగ్గరే కూర్చుంటున్నాడు. నిన్న చైర్మన్‌గారు అతని వెనక నిలబడి తెర వైపు దిగులుగా చూశారు.

"మూడు రోజులైంది. కొత్తది ఒక్కటీ రాలేదేంటయ్యా? పుల్లయ్య మనుషులు కూడా ఏదో పేజీ మొదలెట్టారంట. రాయి."

మణికుమార్ చుట్టూ చూసి, ఒక వాక్యం కొట్టాడు.

కాశీరావుగారు వంగి చదివారు.

"ఇంకొంచెం ఘాటుగా," అన్నారు.