ఖాకీ పంట్లాపు అంచుకై జరిగిన బాబిన్ సంగ్రామము

సూర్యుడింకను బద్ధకముగా ఒళ్ళు విరుచుకొనుచుండగా, పాలప్యాకెట్లు గుమ్మముల ముందు చెమటలు కార్చుచుండగా, ఎదురింటి కుక్కరు ప్రథమశంఖారావమునకు ఊపిరి బిగించుచుండగా, మేడమెట్ల క్రింది ఇరుకుగదిలో, అరిగిన బంగరు పూతతో, కజ్జలశ్యామలగాత్రముతో, అత్తగారి కుట్టుమిషను అను అజేయదుర్గము వెలయుచుండెను. శ్రోతలారా, చెవులొగ్గి వినుడు. ఏనుగులు లేవు, గుఱ్ఱములు లేవు అని ముందే లేచిపోయెదరేమో, కూర్చుండుడు.

దుర్గమున కెదురు నిలిచినది ఆ యింటి కోడలు. బస్సు కండక్టరుగా ఆనాడే ఆమె తొలి డ్యూటీ. డిపోవారిచ్చిన ఖాకీ పంట్లాము ఏ తాటిచెట్టంతవానికో కుట్టినదగుటచే, దాని అంచు నేలనూడ్చుచుండెను. మడిచి పిన్నీసులు పెట్టగా అవి చీలమండను పొడిచెను. యూనిఫారము సరిగా లేనివారిని బస్సెక్కనీయనని సూపర్‌వైజరు ముందే హెచ్చరించియుండెను. వీధి దర్జీ ఊరికి పోయెను. ఇంట కుట్టెరిగిన యేకైకమూర్తియగు అత్తగారు కుడిచేతికి పిండికట్టుతో మంచముపై ఆసీనురాలైయుండెను. ఆ మహాతల్లి తన మిషనును పరులను తాకనిచ్చి యెరుగదు.

"నేను చూసుకుంటానత్తయ్యా," అన్నది కోడలు.

"చూసుకోవడానికి అదేమన్నా టీవీనా? సరే, కానివ్వు. దారం తెగితే చెప్పు. సూది విరిగితే మాత్రం చెప్పకు, నేను తట్టుకోలేను."

అంతట ఆ వీరవనిత మిషను ముందు కూర్చుండి, మనసులో నిట్లు గర్జించెను: "ఓసి లోహకాయా! చిరకాలపాదఘట్టనగర్వితా! నేడు నీ ఉదరకుహరమున బాబినును ప్రతిష్ఠింపనేని, నేను కండక్టరునే కాను!"

ఇట్లు శపథము చేసి, ఖాళీ బాబినును చక్రము ప్రక్కనున్న కదురుకు తొడిగి, దారపుకొసను చుట్టి, పెడలు తొక్కినంతనే, ఆహా, అది గిరగిర తిరిగి క్షణములో పొట్ట నింపుకొనెను. దానిని డబ్బీలో నిడి, దారమును సన్నని రేకు క్రిందుగా లాగి, సూది దిగువనున్న బిలమున జొనుపగా, మొదట ఊడిపడెను, పిమ్మట మంచము క్రిందికి దొర్లెను, తుదకు 'టిక్కు'మని కూర్చుండెను. పైదారమును కొక్కెముల నన్నిటను దాటించి, కొసను నోట తడిపి, ఒంటికన్ను మూసి, సూదిబెజ్జమున దూర్చెను. ఇక జయమే యని పెడలు తొక్కెను.

చక్రము తిరిగెను. సూది కదలలేదు. మరల తొక్కెను. అలిగి గోడవైపు తిరిగి పడుకొన్న పెద్దమనిషివలె సూది ఉలకలేదు, పలకలేదు.

ఆమె పెనిమిటి, క్రేను నడుపు ఘనుడు, టీగ్లాసుతో విచ్చేసి, ఎవరును అడుగకయే, "బెల్టు వదులైందేమో," అనెను. బెల్టు బిగువుగనే యుండెను.

"అది నా మాట తప్ప ఎవరి మాటా వినదు," అని అత్తగారు రవ్వంత గర్వముగనే పలికెను.

కోడలికి ఏడుపు తన్నుకొని వచ్చెను. ఈ యుద్యోగమునకై ఎన్ని గడపలు తొక్కెనో ఆ కాళ్ళకే తెలియును. ఒక్క పంట్లాపు అంచు మూలమున అది చేజారిపోవునా? కన్నీరు మ్రింగి, ఆమె ఇట్లడిగెను.

"అత్తయ్యా, కుట్టడం అయ్యాక లేచేటప్పుడు మీరేం చేస్తారు?"

"ఏముంది, గుడ్డని నొక్కే పాదం ఎత్తుతా, దారం కత్తిరిస్తా, మూత వేస్తా." చెప్పుచుండగా, కట్టులోనుండి తొంగిచూచు ఆమె వ్రేళ్ళు గాలిలో దేనినో తిప్పెను.

"అదేంటి, ఇప్పుడు తిప్పారే?"

అత్తగారు తన వ్రేళ్ళను తానే వింతగా చూచుకొనెను. "అయ్యో రామా. చక్రం మధ్యలో మర ఉంటుంది, దాన్ని వదులు చేసి లేస్తా. మళ్ళీ కూర్చోగానే బిగిస్తా. చెయ్యి దానంతటదే చేసేస్తుందమ్మా, నాకు గుర్తే ఉండదు. వీడు చిన్నప్పుడు సూది కింద వేలు పెట్టాడు. అప్పట్నుంచీ అంతే."

క్రేను వీరుడు తన బొటనవ్రేలిని చూచుకొని, "అమ్మా, నేనిప్పుడు క్రేను నడుపుతున్నా," అనెను.

"అయితే? వేలు వేలే కదరా."

అప్పుడా ధీర మరను బిగించి, పైదారపుకొసను పట్టి, చక్రమును మెల్లగా తిప్పగా, సూది పాతాళమునకు దిగి, క్రిందిదారమును వెంటబెట్టుకొని పైకి వచ్చెను. ఇక చెప్పనేల! టకటకటకధ్వానములతో మిషను పరుగిడెను, పంట్లాపు కాళ్ళు రెండును లొంగిపోయెను.

అత్తగారు అంచును కంటికి దగ్గరగా పట్టి, ఎడమబొటనవ్రేలితో పొడుగునా తడిమి చూచెను. "కొంచెం వంకర పోయింది. పర్లేదు, ఎక్కేవాళ్ళు టిక్కెట్టు చూస్తారు గానీ నీ కాళ్ళు చూడరు."

కోడలు నవ్వి, మూత వేయబోవుచు మరను వదులు చేయ చేయి చాచెను.

"ఉండనీ, వదులు చెయ్యకు," అన్నది అత్తగారు.

"మరి ఈయన వేలు?"

"వాడి వేలు వాడు చూసుకుంటాడు. బిగించే ఉంచు. నీకు కావాల్సొచ్చినప్పుడు నన్నడగక్కర్లేదు."

కోడలు చాచిన చేతిని వెనుకకు తీసికొని, మూత వేసెను. పిమ్మట పంట్లాము తొడుగుకొని, గబగబ బయలుదేరెను. జనులారా, దిక్కులు పిక్కటిల్ల జయము పలుకుడు! ఆ మహావీర డిపో గుమ్మము దాటువేళ, ఖాకీ పంట్లాపు అంచు నేలకు బెత్తెడెత్తున, రవ్వంత వంకరగా, నిలిచియుండెను!