పచ్చికబయలు మీద పడవ

అరవై దాటాక అక్షరాలు నేర్చినదాన్ని. నా రాత నెమ్మది, తప్పులు ఎక్కువ. పత్రిక చదివేవారు మన్నించాలి. ప్రూయిట్ దొరగారి ఘనత నలుగురికీ చెప్పకపోతే నాకు నిద్రపట్టేలా లేదు.

అమెరికా ఆదివాసులమైన మా ఓజిబ్వే తెగకు సర్కారు మిగిల్చిన భూమికి ఆయన సర్వే ఆఫీసరు. ఆగస్టులో అందరినీ పిలిచి బల్ల మీద పటం పరిచారు.

"మీ నదులు, పచ్చికబయళ్లు, కలప అడవులు ఎక్కడున్నాయో చరిత్రలో మొదటిసారి మీకు తెలియబోతోంది!"

చప్పట్లు కొట్టాం. అప్పటిదాకా తెలియకుండానే అక్కడ బతికాం మరి.

కొలతలన్నీ విమానంలోంచి ఫోటోలు తీసి ఒక్క పూటలో ముగించారట. మా సరస్సు ఉన్నచోట చూశాను. 'మేలురకం పచ్చికబయలు' అని ఉంది. వచ్చే నెల నుంచి ఒక పశువుల ఆసామికి లీజు. మేం అడుగుపెట్టకూడదు.

"దొరగారూ, అది సరస్సు. ఈ నెలలో నీటివరి మనిషెత్తు లేచి నీళ్లను కప్పేస్తుంది. చలికాలమంతా మేం తినేది ఆ గింజలే."

"ఫోటో అబద్ధం చెప్పదమ్మా."

మా వదిన జోసెట్ ఊరుకుంటుందా? "అయితే మీరు ముందు నడవండి బాబూ, వెనకాలే వస్తాం."

"తప్పకుండా! ప్రారంభోత్సవం అక్కడే."

అన్నమాట నిలబెట్టుకున్నారు. గింజ పండే వేళకు టై కట్టి, పటం పట్టుకుని వచ్చారు. వెనక ఆసామి, ముప్ఫై ఆవులు. రిబ్బను కత్తిరించి ధీరంగా నడిచారు. రెండో అడుగుకు బూట్లు, నాలుగో అడుగుకు టై మునిగాయి. ఏడో అడుగుకు టోపీ ఒక్కటే కనిపించింది.

నేనూ జోసెట్ పడవ తీసుకెళ్లి, కాలరు పట్టి పైకి లాగాం.

"పటం తడిసిందా?" అన్నారు బురద ఉమ్ముతూ.

"అందులో నీళ్లే లేవుగా, ఎలా తడుస్తుంది?" అంది జోసెట్.

ఆయన చేతులు బురదయ్యాయని పడవలోనే నివేదిక నాతో రాయించారు. "గడ్డి ఎనిమిది అడుగులు. మహా ఏపుగా ఉంది. నేలలో తేమ కొంచెం..."

"కొంచెమా, చాలానా, దొరగారూ?"

"కొంచెం. పశువులకు తాగునీటి కొరత ఉండదు."

సంతకం పెట్టారు. ఆ వెంటనే మా ఇద్దరికీ ఒక నోటీసు కూడా నాతోనే రాయించారు, పచ్చికబయలు మీద అనుమతి లేకుండా పడవ నడిపినందుకు.

ఒడ్డున ఆసామి అరిచాడు, అదిలించాడు, కర్ర విరిగేదాకా కొట్టాడు. ఆవులు కదల్లేదు. పాపం, వాటికి పటం చదవడం రాదు.

దొరగారిని ఒడ్డున దించి, మేం వెనక్కి వెళ్లి నీటివరి గింజలు పడవలోకి దులుపుకున్నాం.

ఆగత్ బెలాంజే, అరవై ఎనిమిదేళ్లు. మిన్నెసోటాలో, ఆ సరస్సు ఒడ్డునే ఉంటున్నాను. పటంలో అక్కడ 'ఇళ్లు లేవు' అని రాసి ఉంది.