దాత కారు

హెస్టర్ ఫిబ్రవరిలో ఒక మంగళవారం పోయింది. మర్నాడే కార్ఖానా నుంచి ఫోను వచ్చింది, ఆమె ఎంచుకున్న ఆకుపచ్చ కారు బాడీ తయారైందని. "ఎప్పుడొచ్చి తీసుకెళ్తారు?" అని వాళ్లడిగితే ఆమె భర్త విల్ఫ్రెడ్ "త్వరలోనే" అన్నాడు. ఆ త్వరలో జూన్ దాకా సాగింది.

ఇంగ్లండులోని బెల్పర్ ఊళ్లో ఆ దంపతులు సొంతంగా ఒక కారు కట్టుకోవాలనుకున్నారు. చాసిస్, అంటే కింది చట్రం, ఆయన ఎంచాడు, బాడీ ఆమె. ఇంజను, ఇరుసులు, స్టీరింగు ఏదైనా పాత కారులోంచి తీయాలి. కారు కట్టేవాళ్లు దాన్ని దాత అంటారు. ఆ చాసిస్‌కు కుదిరేది ఒకే మోడల్. హెస్టర్ రోజూ నడిపిన నీలం కారు అదే. "నాదే విప్పేసుకో" అని ఆసుపత్రిలో కూడా చెప్పింది. వేరేది కొంటే ఆమె మాట తీసేసినట్టు. దీన్ని విప్పుదామంటే చేతులు రావు.

విల్ఫ్రెడ్ ఊళ్లోని కారు కట్టేవాళ్ల క్లబ్బులో సభ్యుడు. సభ్యుడి దాత కారును క్లబ్బంతా కలిసి ఒక శనివారం విప్పడం, ఆయన వాళ్లకు టీ, బేకన్ శాండ్‌విచ్‌లు పెట్టడం అక్కడి ఆనవాయితీ. కార్యదర్శి డెస్మండ్ రోజు ఖాయం చేశాడు. వద్దనడం మర్యాద కాదని విల్ఫ్రెడ్ తలూపాడు. "ఇంటి ముందు నీలం కారు ఉంటుంది. నేను బాడీ తేవడానికి వెళ్తా, మీరు కానివ్వండి."

తీరా ఆ ఉదయం మనసొప్పలేదు. కారును గరాజులో పెట్టి తాళం వేశాడు. కారు కనబడకపోతే టీ తాగి వాళ్లే వెళ్తారనుకుని, వ్యానుకు ట్రైలర్ తగిలించుకుని వెళ్లిపోయాడు.

కాసేపటికి శాండ్‌విచ్‌లు చేయడానికి హెస్టర్ చెల్లెలు మ్యూరియల్ వచ్చింది. అక్కాచెల్లెళ్లవి ఒకే రోజు కొన్న, ఒకే మోడల్, ఒకే రంగు కార్లు. అక్క కారు గరాజులో ఉందనుకుని, ఇంటి ముందు ఖాళీగా ఉన్న చోట తన కారు ఆపి, వెనక వంటింట్లోకి వెళ్లింది.

"మ్యూరియల్, తాళం ఇస్తావా తల్లీ?" అని అప్పుడే క్లబ్బువాళ్లతో వచ్చిన డెస్మండ్ అడిగాడు.

"అడ్డంగా పెట్టానా? ఇదిగో." అంతలో అక్క కారు విప్పేది ఈ రోజేనని గుర్తొచ్చి కళ్లు తుడుచుకుంది. "జాగ్రత్తగా విప్పండి. అదంటే అక్కకు ప్రాణం."

"ఒక్క మర పోనివ్వం" అని డెస్మండ్ టోపీ తీశాడు.

సుత్తి దెబ్బలు వినబడ్డప్పుడల్లా ఆమె వెక్కింది. ఆ వెక్కిళ్లు విని, ఆమె బాధ త్వరగా తీరాలని వాళ్లు చేతులు ఇంకా జోరుగా ఆడించారు. ఇంజను ఎత్తే ముందు పిలిస్తే "నేను చూడలేను" అని బేకన్ వేగుతున్న పెనం వైపు తిరిగింది.

విల్ఫ్రెడ్ ఆకుపచ్చ బాడీతో వచ్చేసరికి గొలుసుకు ఇంజను వేలాడుతోంది. మ్యూరియల్ పళ్లెంతో బయటికొచ్చింది.

"అక్క కార్లో నా గొడుగెందుకుంది?"

ఒకాయన శాండ్‌విచ్ తీసుకున్నాడు.

"మళ్లీ బిగించేస్తాం" అన్నాడు డెస్మండ్. "వైర్లు మాత్రం... కత్తిరించేశాం."

విల్ఫ్రెడ్ గరాజు తెరిచాడు. లోపల హెస్టర్ కారు చెక్కుచెదరకుండా ఉంది.

"దాచావా?"

"నా వల్ల కాలేదు మ్యూరియల్."

"ఆ ముక్క వీళ్లతో అనొచ్చుగా!"

"పాపం, సెలవు రోజు పోగొట్టుకుని వస్తున్నారు. వద్దంటే ఏం బాగుంటుంది?"

"నా కారు ముక్కలైతే బాగుందా?" ఆమె చెయ్యి చాపింది. "అక్క కారు తాళం ఇటివ్వు. ఇకనించి నేను నడుపుతా. నాది మీరు వాడుకోండి."

"కానీ హెస్టర్ మాట..."

"కారు కట్టమంది. కడుతున్నావుగా."

హెస్టర్ కారు వీధి మలుపు తిరిగేదాకా విల్ఫ్రెడ్ చూస్తూ నిలబడ్డాడు. తర్వాత చొక్కా చేతులు మడిచి పనిలోకి దిగాడు.

మ్యూరియల్ కారు ఏమైందో బీమా వాళ్లకు ఇంకా ఎవరూ చెప్పలేదు.