సైదున్నీసా త్రాగిన రెండవ అరగ్లాసు

పెన్నానదీ సైకతములను చండమార్తాండుడు పెనము మీది పేలాల వలె మాడ్చుచుండగా, స్వర్ణవణిజులకు నెలవై, వస్త్రవ్యాపార కోలాహలముతో మార్మోగు ప్రొద్దుటూరు మహాపురమునందు, ఒకానొక వేసవి పూర్వాహ్ణమున, మసరత్ అను కోడలు ఘోరసంకటమున చిక్కుకొనెను.

ఆమె పుట్టినిల్లు చిక్కమగళూరు కొండలలోనిది. పులివెందుల నుండి కాఫీతోటల కూలికి వలసపోయిన ఆమె తాత, ఆ కొండవాలునందే కాసింత నేల సంపాదించెను. ఇప్పుడా తోటకు అధీశ్వరి మసరత్ తల్లి గౌసియా. జలగల సేనలను లెక్కింపక, జడివానలకు వెరవక, ఎర్రని పండ్లను ఏరి కోసి, ఎండబెట్టి, పొట్టు తీయించి, ఏటేటా ఒక సంచి గింజలను వియ్యపురాలికి పంపుచుండెడి ఆ వీరమాత ఫోనులో అడుగునది ఒక్కటే: "మీ అత్తకు నచ్చిందా?"

"శానా ఇష్టంగా తాగుతాదమ్మా" అని మసరత్ చెప్పుచు వచ్చెను.

అది పచ్చి అబద్ధము. అత్తగారైన సైదున్నీసా చాయ్ సామ్రాజ్ఞి. అల్లము, ఏలకుల ఘుమఘుమల నడుమ పెరిగిన ఆ మానధని కాఫీని కషాయమని ఈసడించెడిది. సంచులన్నియు అటక మీద మూతి విప్పకయే పడియుండెను. ఇట్లుండగా గౌసియా కడపలో ప్రొద్దుటూరు బస్సెక్కితినని కబురంపెను.

మసరత్ అత్త యెదుట నిలిచి సర్వము ఒప్పుకొనెను. "ఒక్క గ్లాసు తాగత్తా. మా యమ్మ ముందర, ఈ ఒక్కసారికే."

"అబద్ధం చెప్పింది నువ్వు. చేదు తాగేది నేనా?"

"వానల్లో తడుస్తా నీకోసరం పంపుతాండాది. అటక మీద పారేసినామని ఎట్ల చెప్పేది?"

సైదున్నీసా అల్లము చెక్కు తీయసాగెను.

అంతట మసరత్ ఏకాకియై యుద్ధమునకు దిగెను. క్రొత్త సంచి విప్పి పచ్చిగింజలను పెనమున పోయగా, చిటపటారావములు రణభేరులై, ధూమము మేఘమండలమై ఇల్లెల్ల క్రమ్మెను. వేపిన గింజలను మిక్సీలో పోసి మీట నొక్కునంతలో కరెంటు పోయెను. అయినను వెనుదీయక ఆ ధీర రోలు ముందర వేసుకొని దంచగా, గింజలు శరపరంపరల వలె నలుదెసల ఎగసెను. అందొకటి సామ్రాజ్ఞి నొసట తగిలెను.

"ఏందమ్మీ ఇది, దంచుతాండావా, చల్లుతాండావా? ఇట్లియ్యి" అని సైదున్నీసా రోకలి లాగికొనెను. "ఎన్ని పెండ్లిళ్ళకు మసాలా దంచిన చేతులనుకున్నావు ఇవి. దంచుతా, అంతే. తాగేది లేదు."

ఆ భుజబలమునకు గింజలు క్షణములో పిండియైపోయెను.

గౌసియా వచ్చెను. మోకాళ్ళు పట్టుకొని మంచముపై కూలబడెను. మసరత్ పాలు కాచి, డికాక్షను వడగట్టి, గ్లాసులందించెను. గౌసియా తన గ్లాసు ముట్టక వియ్యపురాలి మోమునే చూచుచుండెను.

సైదున్నీసా కోడలిని చూచెను. గ్లాసును చూచెను. హాలాహలమును చేకొను హరుని వలె దాని నెత్తి, సగము ఒక్కగుక్కలో త్రాగి, కన్నులలో నీరు తిరుగుచుండగా, "బాగుండాది వదినా" అనెను.

గౌసియా తల వంచుకొనెను. "నిజం చెప్తా వదినా. మా ఇంట్లో తాగేది టీనే. మంచి గింజలు ఏరి నీకు పంపుతా. తక్కినవన్నీ వ్యాపారికే పోతాయి. మా తోటది ఎట్లుంటాదో నాకే తెలీదు."

సైదున్నీసా ఆ తోటకాపు పగిలి గరుకెక్కిన చేతులను చాలసేపు చూచెను. "అయితే ముందు నువ్వు తాగు. నేనే దంచినా."

గౌసియా ఒక గుక్క త్రాగి, కనులు మూసికొనెను. "ఇది మాదేనా?"

"మీదే" అని సైదున్నీసా తన గ్లాసులోనికి చూచెను. సగము మిగిలియుండెను.

దిక్కులారా, ఆలింపుడు! మొదటి అరగ్లాసు కోడలి పరువు కొరకు త్రాగబడినది. రెండవ అరగ్లాసును, ఎవరును అడుగక, ఎవరును బ్రతిమాలక మున్నే, సైదున్నీసా అడుగంట త్రాగి, మూతి తుడుచుకొని, "చక్కెర ఇంకొంచెం పడాల" అని శాసించెను.