అల్లుడి తొమ్మిది

ఆ ఉదయం కాఫీ గ్లాసు కింద పెట్టకముందే మామగారు ఒక నిర్ణయానికి వచ్చేశారు. రైఫిల్ పోటీలో టార్గెట్లు చూసి మార్కులు వేసేది ఆయనే, కాల్చేవాళ్లలో ఒకడు సొంత అల్లుడు. కాబట్టి ఎవరూ తనవైపు వేలెత్తి చూపకూడదు.

"ఇవాళొక్కరోజైనా ఇంటిపట్టున ఉండొచ్చుగా," అంది భార్య.

"నా గేజికి చుట్టాలుండరే," అన్నారాయన, రంధ్రాలు కొలిచే పుల్లను జేబులో పెట్టుకుంటూ.

మధ్యాహ్నానికి పోటీ ఇద్దరి మధ్యకొచ్చింది. ఒకడు అల్లుడు, రెండోవాడు పక్క లైన్లో కాల్చిన ప్లంబరు. పెద్ద పోటీకి వెళ్లేది ఒక్కరే. ప్లంబరు పది తూటాలు కాల్చాడు గానీ అతని టార్గెట్ మీద తొమ్మిదే రంధ్రాలున్నాయి.

"రెండు ఒకే రంధ్రంలోంచి పోయాయండీ," అన్నాడతను.

కాదంటే అల్లుడి కోసమే అంటారు. మామగారు తలూపి, మధ్యలో ఉన్న రంధ్రానికి రెండు పదులు వేసేశారు.

అల్లుడి టార్గెట్ రాగానే ఆయన కళ్లు నేరుగా మధ్య వృత్తపు గీత అంచున ఉన్న రంధ్రం మీద పడ్డాయి. గీతను తాకితే పది, లేకపోతే తొమ్మిది. తేల్చాలంటే గేజి అనే సన్నటి పుల్లను రంధ్రంలో దూర్చాలి, అదీ ఒక్కసారే. చుట్టూ అందరూ వంగి చూస్తుంటే ఆయన పుల్లను గబుక్కున గుచ్చేశారు. కాగితం పర్రున చిరిగి గీతను దాటిపోయింది.

"తొమ్మిది," అనేశారు కంగారుగా.

"అదేంటి మామయ్యా, గీతే ఎగిరిపోతే తొమ్మిదేంటి?"

"ఇక్కడ మామయ్యా లేదు, గీమయ్యా లేదు."

"అల్లుడి కోసం చింపాడు, మనం చూశామని మాట మార్చాడు," అన్నారెవరో వెనకనుంచి.

"తొమ్మిదే న్యాయం సార్," అన్నాడు ప్లంబరు వినయంగా.

కూతురు అప్పటికే ఫోన్లో ఉంది. "అమ్మా, నాన్న మా ఆయన్ని ఓడించేస్తున్నారు."

"ఇంటికి రానీ, చెప్తాను," అన్న భార్య గొంతు అందరికీ వినిపించింది.

మామగారికి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. గొడవ తేల్చడానికి పెద్ద న్యాయనిర్ణేత వచ్చింది, పళ్ల డాక్టరమ్మ.

"ముందు రంధ్రాలు లెక్కపెట్టారా?" అనడిగింది.

ఆయన లెక్కపెట్టనే లేదు. కొత్తవాళ్లకు ఆయన నేర్పే మొదటి పాఠం అదే.

ఆవిడ లెక్కపెట్టింది. అల్లుడి టార్గెట్ మీద పదకొండు.

ప్లంబరు ముఖం పాలిపోయింది. "అయితే నా తూటా ఒకటి..."

"ఇటొచ్చింది. పక్కవాడి టార్గెట్ మీద కాలిస్తే సున్నా. ఏది ఎవరిదో తెలియనప్పుడు టార్గెట్ సొంతదారుకి మంచివి పది లెక్క. ఇదిగో, అన్నిటికన్నా తక్కువైన ఈ ఆరు మార్కుల రంధ్రం తీసెయ్యండి."

ఇక చిరిగిన రంధ్రం తొమ్మిదైనా పదైనా ఒకటే, గెలిచింది అల్లుడే. ఆ సంగతి ప్రకటించమని మైకు మామగారి చేతికే ఇచ్చారు. ప్లంబరుకు వేసిన పది ఒకటి కొట్టేశామని, అల్లుడి టార్గెట్ మీది ఆరు తీసేశామని, అల్లుడే విజేత అని తలెత్తకుండా చదివారు.

"మొత్తానికి పని కానిచ్చాడు," అన్నారెవరో. జనం ఈలలు వేశారు.

ఆ రోజంతటిలో ఆయన నిబంధన ప్రకారం చేసింది అదొక్కటే, ఎవరూ నమ్మనిదీ అదొక్కటే.