కుంభయ్యగారి తిన్నని బాట

ఒక పెద్ద అడవిలో ఒక మంచివాడు ఉండేవాడు. ఆ అడవి కష్టాలు అక్కడే మొదలయ్యాయి.

ఆయన పేరు కుంభయ్య. జంతువుల సభకు అధ్యక్షుడైన ఏనుగు. లంచం ఎరగడు, అబద్ధం ఎరగడు. ఎవరి కంట నీరు కనిపించినా ఏదో ఒకటి చేసేదాకా ఆయనకు తిండి సహించేది కాదు. ఏం చేయాలో తెలియకపోయినా సరే, చేసేవాడు.

ఒకనాడు మచ్చమ్మ అనే జింక తన కుంటిపిల్లను వెంటబెట్టుకుని సభకు వచ్చింది. వాగుకు నీళ్ళకు పోయే దారినిండా ముళ్ళపొదలేనని, పిల్ల కాలు ఈడ్చుకుంటూ రాలేక ఏడుస్తోందని, ఒకటి రెండు కొమ్మలు తప్పిస్తే చాలునని చెప్పుకుంది.

కుంభయ్య కళ్ళు చెమర్చాయి.

"రెండు కొమ్మలేమిటి తల్లీ, నీకు రాజబాట వేయిస్తాను," అన్నాడు.

బాట గీయడానికి కొంగను పిలిచారు. సభకు ఇంజనీరు అదే. బతుకంతా గాలిలో తిరిగిన పక్షి కాబట్టి నేలమీది దారులంటే దానికి చిన్నచూపు. ఒకసారి పైకెగిరి చూసివచ్చి, ఈ అడవిలో ఒక్క దారీ తిన్నగా లేదని, కుందేలుది ఒక వంకరైతే పందిది ఇంకో వంకరని, ఎవరు ఎప్పుడు ఎటు పోతారో ఎవరికీ తెలియదని మూతి తిప్పింది.

ఎవరు ఎటు పోతారో పులికి కూడా తెలియదన్న సంగతి సభలో ఎవరికీ తట్టలేదు.

కుంభయ్య స్వయంగా తొండం చుట్టి పనిలోకి దిగాడు. అడ్డొచ్చిన చెట్లు కూల్చాడు, పొదలు పెరికాడు. పెరికిన ముళ్ళకంపనంతా పాత దారుల మీద పడేశాడు. రాజబాట ఉండగా వాటితో పనేముంది? ఈ చివర నిలబడితే ఆ చివర వాగు నీళ్ళు మెరవడం కనిపించేంత తిన్నగా బాట తయారైంది. ప్రారంభోత్సవానికి నెమలి ఆడింది. అందరికంటే ముందు కుంటిపిల్లను నడిపించారు. అది రెండు గెంతులు కూడా వేసింది. మచ్చమ్మ కుంభయ్య కాళ్ళమీద పడి ఏడ్చింది. ఆ రోజు ఆమె సంతోషం నిజమైనదే, కాదనడానికి లేదు.

పులి కూడా వచ్చి బాట చూసుకుంది. అది ముసలిది, మోకాళ్ళ నొప్పులది. ఇన్నాళ్ళూ పొదపొదనూ వెతకలేక, దొరికిన నాడు తిని దొరకని నాడు పస్తుండేది. ఇప్పుడు వాగు ఒడ్డున బాట పక్కన నీడ చూసుకుని కూర్చుంటే చాలు, తిండి వరుస కట్టి నడిచి వస్తోంది. ముసలివాళ్ళను తలచుకున్న సభ ఇన్నాళ్ళకు వచ్చిందని అది కుంభయ్యకు కబురు కూడా పంపింది. కుంభయ్యకు కాస్త గర్వంగానే అనిపించింది.

నెల తిరక్కుండా కుందేళ్ళు సగమయ్యాయి. నీళ్ళకని వెళ్ళిన మచ్చమ్మ చెల్లెలు తిరిగి రాలేదు. సభ మళ్ళీ కూడింది. మా వంకర దారులు మాకిచ్చేయండి బాబూ అని ఒక అడవిపంది వేడుకుంది.

కొంగకు చిర్రెత్తుకొచ్చింది. "లోపం బాటది కాదు, పక్కలది. రెండు పక్కలా ముళ్ళకంచె కడితే పులి లోపలికెలా వస్తుందో నేనూ చూస్తాను."

కుంభయ్య చచ్చినవాళ్ళను తలచుకుని వెక్కివెక్కి ఏడ్చాడు. ఏడుస్తూనే కంచె కట్టాడు.

పులి కంచె దాటలేదు. దాటాల్సిన పని దానికి పడలేదు. కంచె లేని చోటు, అంటే బాట చివర, వెళ్ళి కూర్చుంది. ఇంతకుముందు అది మీదికొస్తే జంతువులు పక్కలకు చెదిరిపోయేవి, కొన్నయినా బతికి బయటపడేవి. ఇప్పుడు చెదరడానికి పక్కలు లేవు.

ఒక సాయంత్రం మచ్చమ్మ పిల్లతో బాట మధ్యలో ఉండగా ఎదురుగా పులి లేచింది. వెనక్కి పరుగెత్తితే తను బతుకుతుంది, పిల్ల బతకదు. మచ్చమ్మ పిల్లను తలతో పొడిచి కంచెలోకి నెట్టింది. ముళ్ళు దిగి పిల్ల కెవ్వుమంది. అయినా నెట్టింది. వెనకే తానూ దూరింది. ఇద్దరి ఒళ్ళూ చీరుకుపోయాయి. పులి ఒక పంజా కంచెలో పెట్టి, అబ్బా అనుకుని వెనక్కి తీసుకుంది.

మర్నాడు ఆ సందులోంచి పంది దూరింది. కుందేళ్ళు తమకు సరిపడే సందులు చేసుకున్నాయి. ఎవరికి తోచినవైపు వాళ్ళు కంప తొలుచుకుంటూ పోగా, అడవినిండా మళ్ళీ వంకర దారులు పడ్డాయి. రాజబాట మీద గడ్డి మొలిచింది. పులికి ఎముకలు తేలాయి.

సంగతి తెలిసి కుంభయ్య కొంగను వెంటబెట్టుకుని వచ్చాడు. ముళ్ళపొద పక్కన మచ్చమ్మ ఒంటిమీది గాట్లు చూశాడు.

"ఎంత కష్టం వచ్చింది తల్లీ! ఉండు, ఈ సందు కాస్త వెడల్పు చేయిస్తాను."

మచ్చమ్మ పిల్లను తన వెనక్కి నెట్టుకుంది. ఆయనంటే ఆమెకు కోపం లేదు, భయమే ఉంది.

"అయ్యా, మీకు దండం పెడతాను. పులైనా కడుపు నిండితే పడుకుంటుంది. మీకు ఎప్పటికీ నిండదు. ఇప్పుడు దానికి తిండి లేదు, మా దాకా రాలేకపోతోంది. మీరు కూడా రాకండి. ముళ్ళు గుచ్చుకుంటే గుచ్చుకోనివ్వండి, మేం బతుకుతున్నాం."

కుంభయ్య కన్నీళ్ళు తొండం వెంట జారి నేలమీద పడ్డాయి. ఆ మాట ఆయన గుండెకు తగిలిందని కొంగ కూడా అనుకుంది.

"విన్నావా?" అన్నాడు చివరికి కొంగతో. "పాపం, పులికి తిండి లేదట. దానికీ ఏదో ఒకటి చేయాలి."

నీతి: నీ కష్టం పులితోనైనా చెప్పుకో, మంచివాడితో మాత్రం చెప్పుకోకు.