గడువుకు ముందే కట్టిన గోడ

నలభై రెండేళ్ళుగా నాకో అనుమానం ఉంది. మా వీధి దాటి రెండు ఫర్లాంగులు నడిస్తే కొండకు నిలువుగా ఒక రాతి చరియ ఉంది. దాని నిండా గుండ్రటి గులకరాళ్ళు, నిమ్మకాయంతవీ కొబ్బరికాయంతవీ, గట్టిపడ్డ ఇసుకలో పొదిగినట్టు ఉంటాయి. ఏటి అడుగున ఉండాల్సిన నున్నటి రాళ్ళు కొండ మీదికి ఎలా ఎక్కాయి? ఏడో తరగతిలో సైన్సు మాష్టారు మమ్మల్ని అక్కడికి నడిపించుకెళ్ళినప్పుడు ఇదే అడిగాను. "తీరిగ్గా చెప్పాలిరా, రేపు చెప్తాను" అన్నారు. మర్నాడు ఆయనకు బదిలీ అయింది. రిటైరై మా వీధికే వచ్చారు. కనబడినప్పుడల్లా "నీకో జవాబు బాకీ, గుర్తుంది" అంటారు. ఈలోగా నేను, దేవుడు పెట్టి ఉంటాడులే అని సరిపెట్టుకున్నాను. నేను దేవుణ్ణి నమ్ముతాను. ప్రభుత్వాన్ని కూడా.

నాది గడియారాల రిపేరు. ముందు గదిలో దుకాణం, వెనక దేవుడి గది. దాని వెనక మట్టి గుట్ట. వాన పడితే గుట్ట జారుతుంది, దేవుడి గది గోడ ఇంకో అంగుళం పగులుతుంది. ప్రతి వానాకాలం దేవుణ్ణి తెచ్చి నా రిపేరు బల్ల మీద పెడతాం. ఆయన చుట్టూ పాతిక గడియారాలు పాతిక టైములు చూపిస్తుంటాయి. ఆయనేమీ అనుకోడు.

ఆ రోజు పొద్దున్నే మైకు కట్టిన ఆటో వచ్చింది.

"కొండవాలు ప్రజల చిరకాల స్వప్నం, రక్షణ గోడ, పూర్తయింది! గౌరవనీయులైన మంత్రిగారి చేతుల మీదుగా ప్రజలకు అంకితం!"

నేను గబగబా వెనక కిటికీ తీశాను. మట్టి కనబడింది.

"ఇదిగో, నీకేమైనా గోడ కనబడుతోందా?" అని మా ఆవిణ్ణి అడిగాను.

"కళ్ళజోడు మార్పించమని నేను ఎప్పట్నుంచో మొత్తుకుంటూనే ఉన్నానుగా" అంది.

గోడకు రెండేళ్ళ కిందట డబ్బు మంజూరైంది. డబ్బు పూర్తయింది కాబట్టి గోడ కూడా పూర్తయి ఉండాలని మంత్రిగారు తర్కించారట. అంత సూటి ఆలోచన అందరికీ రాదు.

జనమంతా ఆటో వెనక నడిచాం. ఆటో మా ఇళ్ళు దాటి, రెండు ఫర్లాంగులు పోయి, చరియ ముందు ఆగింది. చరియకు రిబ్బన్ కట్టి ఉంది. మంత్రిగారు, ఇంజనీరు, టేపు పట్టుకుని తనిఖీ అధికారి నిలబడి ఉన్నారు.

"కంకర గుండ్రంగా ఉందేం?" అన్నాడు తనిఖీ అధికారి.

"మొనలుంటే ప్రజలకు గుచ్చుకుంటాయని సార్" అన్నాడు ఇంజనీరు.

"ఇనుము ఏదీ?"

"లోపల ఉంది సార్. బయటికి కనబడితే తుప్పు పడుతుంది."

అధికారి రాసుకున్నాడు. మంత్రిగారి కళ్ళు జనంలో మా మాష్టారి మీద పడ్డాయి. పెద్దవాళ్ళను గౌరవించడం ఆయనకు చిన్నప్పటి అలవాటు.

"మాష్టారూ, మీరు చదువుకున్నవారు. గోడ గట్టిదేనా? నలుగురిలో చెప్పండి."

"గట్టిదే. నలభై కోట్ల ఏళ్ళుగా నిలబడి ఉంది" అన్నారు మాష్టారు.

ప్రభుత్వం పరువు పోయిందనుకున్నాను. మంత్రిగారు మాత్రం తొణకలేదు. ఇంజనీరు వైపు తిరిగారు.

"మనమిచ్చిన గడువు ఎప్పటికి?"

"మొన్న మార్చికి సార్."

"విన్నారా! గడువుకు నలభై కోట్ల ఏళ్ళు ముందే పని పూర్తి చేసిన ప్రభుత్వం ఇంకెక్కడైనా ఉందా?"

చప్పట్లు మోగాయి. నేనూ కొట్టాను. రోజుకు ఐదు నిమిషాలు ముందుకు పోతున్నాయని గడియారాలు నా మొహాన కొట్టిన జనమే వీళ్ళంతా.

ధైర్యం చేసి దగ్గరికెళ్ళాను. "అయ్యా, గోడ ఇక్కడుంది. మట్టి జారేది మా ఇంటి వెనక."

మంత్రిగారు ప్రేమగా నా భుజం మీద చెయ్యేశారు. "రక్షణ ఇక్కడ తయారుగా ఉంచాం పెద్దాయనా. వచ్చి వాడుకోవడం మీ బాధ్యత."

ఇక శిలాఫలకం బిగించాలి. చరియకు డ్రిల్లు పెడితే గులకరాయి తగిలి మొన విరిగింది. రెండోది కూడా విరిగింది. మూడోది డ్రిల్లు మనిషి దాచేసుకున్నాడు. మంత్రిగారికి ఇంకో ఊళ్ళో ఇంకో గోడ ఉంది, ఆలస్యమవుతోంది. ఇంజనీరు చుట్టూ చూసి, మేకు దిగే గోడ కోసం వెతుక్కుంటూ మా ఇంటిదాకా వచ్చి, దేవుడి గది గోడకు బయటివైపు ఫలకం కొట్టించాడు. మేకులు వెన్నలో దిగినట్టు దిగాయి. "ఈ రక్షణ గోడ..." అని మొదలై మంత్రిగారి పేరుతో ముగిసింది. ఫొటో బాగా వచ్చింది.

వారం తిరక్కుండా నోటీసు వచ్చింది. ప్రభుత్వ రక్షణ గోడకు ఆనించి నేను అక్రమంగా ఇల్లు కట్టుకున్నానట. పదిహేను రోజుల్లో ఖాళీ చెయ్యాలట.

"ముప్పై ఏళ్ళ కిందట కట్టిన ఇల్లండీ ఇది!" అంది మా ఆవిడ.

"వాళ్ళ గోడ నలభై కోట్ల ఏళ్ళది. మనమే తర్వాత వచ్చాం" అన్నాను. కాగితం మీద తప్పేమీ దొరకలేదు నాకు.

ఆ సాయంత్రం వాన పట్టుకుంది. నోటీసు మాట విని మాష్టారు గొడుగేసుకుని వచ్చారు. ముగ్గురం కలిసి దేవుణ్ణి ముందు గదిలోకి మోశాం. మా ఆవిడ దీపం సర్దుతుండగా వెనక నుంచి బస్తాలు దొర్లినట్టు చప్పుడైంది.

వెళ్ళి చూస్తే దేవుడి గది లేదు. గుట్ట లోపలికి వచ్చేసింది. బురదలో ఇటుకలు, రాళ్ళు, పగిలిన ఫలకం ముక్కలు మెల్లగా దొర్లుతున్నాయి. ఒక ముక్క మీద మంత్రిగారి పేరు సగం ఉంది. మా కళ్ళ ముందే బురద దాన్ని పట్టుకుంది.

మా ఆవిడ దీపం తెచ్చి ఎత్తి పట్టుకుంది.

మాష్టారు గొడుగు మూసి, దాని కొనతో చూపించారు. "ఇదిగోరా, ఇలాగే. ఆ రాళ్ళు కొండెక్కలేదు. పైనున్న కొండే విరిగి కిందికి వచ్చింది. నీళ్ళు దొర్లించి నున్నగా చేశాయి. బురదా ఇసుకా పట్టుకుని వదల్లేదు. అది గట్టిపడి, తర్వాత నేలే మెల్లగా పైకి లేచింది."

"ఇది గోడ కావడానికి ఎంత కాలం పడుతుంది మాష్టారూ?"

"నలభై కోట్ల ఏళ్ళు వేసుకో."

అలవాటుకొద్దీ టైము చూసుకున్నాను. ఆరూ పది.

"హమ్మయ్య, నీ బాకీ తీరిందిరా" అన్నారు మాష్టారు.